నాడి పట్టుకుంటే నిండు నిమిషం పట్టుకోండి



ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట ఎవరో ఒకరు చెయ్యి చాపి "సిస్టరమ్మా, జర బీపీ చూడు" అంటారు. నేను ముందు మణికట్టు పట్టుకుంటాను. "మిషన్ ఉండగా ఇదేం పాతకాలం పద్ధతమ్మా" అని నవ్వేవాళ్ళూ ఉన్నారు. నవ్వనివ్వండి. ఈసారి నేను చెప్పదలచింది దాని గురించే.

నర్సింగ్ చదివే రోజుల్లో తొందరలో పదిహేను సెకన్లు నాడి లెక్కపెట్టి, నాలుగుతో గుణించి చార్టులో రాసేసేదాన్ని. ఆయాసంతో వచ్చిన ఒక తల్లికి అలాగే 84 అని రాశాను. మా ట్యూటరమ్మ నన్ను ఆ తల్లి మణికట్టు పట్టుకోమని, తాను స్టెతస్కోపు గుండె మీద పెట్టింది. ఒకే గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాం. నా వేళ్ళ కింద 88. ఆమె చెవిలో 126. మిగతా 38 దెబ్బలు ఏమైనట్టు?

గుండె కొట్టింది, కాని నిండకుండా కొట్టింది.

ఎల్లారెడ్డి నుంచి పల్లెలకు పోయే షేర్ ఆటో చూడండి. సీట్లు నిండినా డ్రైవరు కదలడు. ఇంకో ఇద్దర్ని లోపలికి నెట్టాకే బయలుదేరతాడు. గుండె కూడా అంతే. పై గదుల నుంచి కింది గదుల్లోకి చాలా రక్తం దానంతట అదే జారుతుంది. చివర్లో పై గదులు ఒక్కసారి ముడుచుకొని మిగిలింది నెడతాయి. ఆ ఆఖరి నెట్టుతో వచ్చేది సుమారు ఐదో వంతు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో పై గదులు ముడుచుకోవు, నిమిషానికి 350కి పైగా సార్లు వణుకుతాయి. ఆ నెట్టు పోయినట్టే. కింది గదులకు కూడా వేళాపాళా ఉండదు. ఒక ఆటో నిండుగా, వెనకే ఇంకొకటి ఇద్దరితో, మరొకటి ఖాళీగా. ట్రిప్పులు ఎక్కువ, చేరిన జనం తక్కువ. ఖాళీ దెబ్బ మణికట్టు దాకా రాదు.

చిన్నప్పుడు కీళ్ళ వాపు జ్వరం వచ్చి వాల్వు ఇరుకైనవారికి ఇది మరీ కష్టం. ఇరుకు తలుపు గుండా రక్తం దిగడానికి సమయం కావాలి. గుండె పరుగెత్తితే ఆ సమయమే ఉండదు. రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నిన్నటిదాకా బిందె మోసిన మనిషి ఇవాళ రెండు మెట్లు ఎక్కలేదు. ఇంట్లోవాళ్ళు "నీరసం" అని ఊళ్ళో సెలైన్ పెట్టిస్తారు. నాకు అన్నిటికన్నా కోపం వచ్చేది ఇక్కడే. నీటితో నిండిన ఊపిరితిత్తుల మీద ఇంకా నీరు ఎక్కించడం అది! ఆ సీసా తగిలించే ముందు ఎవరైనా ఒక్క నిమిషం నాడి పట్టుకున్నారా?

ఇంగ్లండులో బర్న్‌లీ అనే ఊరి డాక్టరు జేమ్స్ మెకంజీ, ఈసీజీలు రాకముందే ఇలాంటి వాల్వు రోగుల నాడి, మెడ నరం చూస్తూ, లయ తప్పినప్పుడు పై గది నెట్టు మాయమవుతుందని కనిపెట్టి 1902లో నాడి మీద పుస్తకమే రాశాడు. నాడితోనే జబ్బు తేలదు, ఈసీజీ ఉండాల్సిందే. కాని ఎవరిని కామారెడ్డి పంపి ఈసీజీ తీయించాలో చెప్పేది వేళ్ళే. లయ తప్పిన నాడికి బీపీ మిషన్ అంకె కూడా ఒక్కోసారి ఒక్కో రకంగా వస్తుంది.

వణికే గదిలో నిలిచిన రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. అందుకే దడ తగ్గిందని మాత్రలు మానకండి. వేగం తగ్గించే మాత్ర వేరు, గడ్డకట్టకుండా వేసే మాత్ర వేరు. ఐఎన్‌ఆర్ పరీక్షకు వస్తే ఒకరోజు కూలి పోతుంది, తెలుసు. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు రాయమంటున్నారు. అవి చాలామందికి మంచివే. కాని కీళ్ళజ్వరం వల్ల వాల్వు ఇరుకైనవారికి పాత మాత్రే మేలని, అది వాడినవారిలో మరణాలు తక్కువని 2022లో ఇన్విక్టస్ పరిశోధన తేల్చింది. అందులో మన దేశపు రోగులూ ఉన్నారు.

ఆయాసం, దడ అంటూ వచ్చిన ప్రతివారికీ నిండు నిమిషం లెక్కపెట్టాలని మా సిస్టర్లకు చెప్పాను. వరుస పెరుగుతుందని సణుగుతున్నారు. పెరగనివ్వండి.

ఇంట్లో మీరూ చూడవచ్చు. బొటనవేలి వైపు మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ లెక్కపెట్టండి. దెబ్బలు అడ్డదిడ్డంగా ఉంటే ఆసుపత్రికి రండి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. పాత ఈసీజీ కాగితాలు పారేయకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని తెచ్చుకోండి.