మోర్మన్ కుర్రాళ్ళూ, మన ఇంటర్మీడియట్టూ

అమెరికాలో ఓ ఏడాది అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగువాళ్ళెవరికైనా వీళ్ళు తెలిసే ఉంటారు. తెల్ల చొక్కా, టై, నున్నగా దువ్విన తల, జేబు మీద నల్లటి పేరు బిళ్ళ. ఎప్పుడూ ఇద్దరే వస్తారు. నవ్వుతూ "రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" అంటారు. మనవాళ్ళు అప్పుడు చేసేవి రెండే పనులు: టీవీ సౌండు తగ్గించి ఇంట్లో ఎవరూ లేనట్టు ఊరుకోవడం, లేదా "వి ఆర్ హిందూస్" అని తలుపేసెయ్యడం. ఆ తర్వాత కాసేపు జోకులు. అంతే.

నాకు మాత్రం వాళ్ళ మతం కన్నా వాళ్ళ టైం టేబుల్ మీద ఆసక్తి ఎక్కువ.

ముందు కొంచెం వివరాలు. ఆ చర్చి అసలు పేరు 'ది చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్'. మోర్మన్ అనొద్దు, పూర్తి పేరు వాడండి అని 2018లో వాళ్ళ అధ్యక్షుడే చెప్పాడు. అంత పొడుగు పేరు ప్రతిసారీ రాయలేను కాబట్టి అలవాటైన పేరే వాడుతున్నా, ఏమనుకోకండి. బిళ్ళ మీద 'ఎల్డర్' అని ఉంటుంది, అంటే పెద్ద. చూస్తే మీసం సరిగ్గా రాని మొహం! అబ్బాయిలు 18 ఏళ్ళకే వెళ్ళొచ్చని 2012లో మార్చారు, అంతకు ముందు 19 నిండాలి. వాళ్ళకి రెండేళ్ళు, అమ్మాయిలకి ఏడాదిన్నర. ఏ దేశం వెళ్ళాలో ఎంచుకునే వీల్లేదు, చర్చి నిర్ణయించి చెబుతుంది. జీతం ఉండదు సరికదా, ఎదురు డబ్బు కట్టాలి. అమెరికా కుర్రాళ్ళకి నెలకి 400 డాలర్లుండేది, 2020 జులై నుంచి 500 అయింది.

ఇక రోజు ఎలా గడుస్తుందంటే.. మామూలుగా పొద్దున్న ఆరున్నరకి లేవాలి. వ్యాయామం, టిఫిన్, చదువు. తర్వాత వీధిలోకి. రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో ఇల్లు చేరడం, పదిన్నరకి లైట్లార్పడం. ఆ ఇద్దరూ ఒకరినొకరు వదిలి ఎక్కడికీ పోకూడదు. ఆ జతని కూడా పైవాళ్ళే వేస్తారు, కొన్ని వారాలకో నెలలకో మార్చేస్తారు. నచ్చినా నచ్చకపోయినా సర్దుకోవాల్సిందే. ప్రేమలూ దోమలూ నిషిద్ధం. వారంలో ఒక రోజు బట్టలుతుక్కోడానికీ, సరుకులు తెచ్చుకోడానికీ. ఇంటికి ఫోన్ ఏడాదికి రెండేసార్లు, క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి చేసుకోనిస్తున్నారు. ఉచితంగా ఇంగ్లీషు క్లాసులు చెప్పడం, ఇల్లు మారేవాళ్ళ సామాన్లు మొయ్యడం లాంటివి కూడా వీళ్ళ పనుల్లో భాగమే. అన్నట్టు, పాపం కదా అని కాఫీయో టీయో ఇస్తే తాగరు. అవి వాళ్ళకి కూడదు.

ఇంతా చేస్తే ఫలితం? 2024లో ఇలా బోధించేవాళ్ళు 74 వేల మంది, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు 3 లక్షల 8 వేల మంది చిల్లర. అంటే మనిషికి ఏడాదికి నలుగురు. వైను మానెయ్యమని ఫ్రెంచి వాళ్ళకి చెప్పడానికి 1966లో బయల్దేరిన మిట్ రోమ్నీ సంగతి ఊహించుకోండి! ఈ లెక్కలతో మా ఆఫీసులో ఏ ప్రాజెక్టూ నెల రోజులు బతకదు. కానీ చర్చి దాన్ని ఆపదు. ఎందుకంటే తలుపు అవతలివాడు మారినా మారకపోయినా, తలుపు తట్టినవాడు మారతాడు. రోజుకి యాభై సార్లు 'వద్దు' అనిపించుకుని, యాభై ఒకటో తలుపు దగ్గర మళ్ళీ నవ్వడం నేర్చుకుంటాడు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. మనకీ సరిగ్గా రెండేళ్ళ దీక్ష ఒకటి ఉంది. దాని పేరు ఇంటర్మీడియట్, రెసిడెన్షియల్! తెల్లారుజామున ఐదింటికి లేపడం, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. నేను చదివిన కాలేజీలో (పేరెందుకు లెండి) ఆదివారం వార్డెన్ ఫోన్ ముందు క్యూ కట్టేవాళ్ళం, మనిషికి ఐదు నిమిషాలు. క్రమశిక్షణలో మోర్మన్లు మన ముందు దిగదుడుపే.

తేడా ఏంటంటే, ఆ రెండేళ్ళలో మేం బయటి మనిషితో మాట్లాడింది లేదు. వండుకున్నది లేదు. ఎవరికీ ఏ సాయం చేసింది లేదు. పైగా ఓటమి అనేది వీక్లీ టెస్టు ర్యాంకు రూపంలో గోడ మీద అంటించేవాళ్ళు, దాన్ని ఎలా తట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయన్నది నిజమే. కానీ ఒక్క 'ఫెయిల్' అనే మాటకి పదిహేడేళ్ళ పిల్లలు చచ్చిపోవాలని అనుకునేలా పెంచిన తప్పు ఎవరిది?

మోర్మన్లదంతా గొప్ప అని నేననడం లేదు. అవతలివాడి దారి తప్పు అని పద్దెనిమిదేళ్ళ కుర్రాడితో చెప్పించడం నాకు నచ్చదు. మధ్యలో ఇంటికొచ్చేసిన పిల్లల్ని యూటాలో జనం అదోలా చూస్తారు. పెళ్ళి సంబంధాల్లో మిషన్ పూర్తిచేసిన కుర్రాడికుండే గిరాకీ, మన దగ్గర హెచ్ వన్ వీసా ఉన్నవాడి గిరాకీ లాంటిదే. ఇది మనకి సంబంధం లేని అమెరికా గొడవ కూడా కాదు. వాళ్ళ లెక్కలో కొన్ని సంఘాలు కలిస్తే ఒక 'స్టేక్'. మన దేశంలో మొట్టమొదటి స్టేక్ 2012లో వచ్చింది హైదరాబాదులోనే.

మతం తీసేసి మిగతాది తీసుకోలేమా అన్నదే నా ప్రశ్న. ఇంటర్ అయ్యాక, ఇంజినీరింగ్‌లో చేరే ముందు ఒక్క ఏడాది. తెలియని ఊరు, పరిచయం లేని ఒక జత, ఇద్దరూ కలిసి వండుకోవడం, ఊళ్ళో బడిలో పిల్లలకి లెక్కలు చెప్పడమో, ఆసుపత్రిలో ముసలివాళ్ళకి తోడుండటమో. సర్టిఫికెట్ కోసం ఎన్నెస్సెస్ వాళ్ళతో ఒక ఆదివారం చీపురు పట్టుకుని ఫోటో దిగడం కాదు.

"ఏడాది వేస్టయిపోదూ?" అని అమ్మానాన్నలు అడుగుతారు, తెలుసు. ర్యాంకు రాకపోతే అదే పిల్లాణ్ణి, అదే హాస్టల్లో, అవే పుస్తకాలు ముందేసి లాంగ్ టర్మ్ కోచింగ్ అని ఇంకో ఏడాది కూర్చోబెడతాం. లక్షలు కడతాం. దాన్ని ఎవరైనా వేస్టు అనగా విన్నారా?