బంగారం పోతాది, హోటలన్నా మిగలాల

కేజీఎఫ్ సినిమా చూడనోళ్లు మన నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని పక్క ఎవరన్నా ఉండారా? రాకీ డైలాగులు చిన్న పిల్లోళ్లకు కూడా నోటికి వస్తాయి. కానీ కేజీఎఫ్ నిజంగా ఒక ఊరని, 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతబడినాయని, అరవోళ్లతో పాటు మన చిత్తూరు పక్కనుంచి పోయిన తెలుగోళ్లు కూడా తరతరాలు ఆడ పని చేసినారని చెప్తే చానామంది నా మొగం చూస్తారు.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, బంగారు గని మన జిల్లాకే వచ్చింది. తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టుపక్కల ప్రైవేటు కంపెనీ గని తీసుకుంది, ప్లాంటు కట్టింది. మా ఊరి నుంచి ఆదోని, పత్తికొండ మీదుగా పోతే ఒక పూట ప్రయాణం. అందరూ అడిగేది రెండే: ఎంత బంగారం వస్తాది, ఎన్ని ఉద్యోగాలు వస్తాయి. రెండూ అడగాల్సినవే. నేను మూడోది అడుగుతా. బంగారం అయిపోయినాక ఊర్లో ఏం మిగులుతాది?

దీనికి సగం జవాబు హోటల్లో ఉండాది. నవ్వద్దు, చెప్తా.

గని ఊరికి మొదట వచ్చేది పరాయి మనిషి. ఆ మనిషికి తినేకి, పండుకునేకి చోటు కావాల. అందుకే బంగారం పడిన చోటల్లా గుంత పక్కనే హోటలు లేస్తాది. కూలి రేటెంత, కొత్త పని యాడుంది, ఎవరికి దెబ్బ తగిలింది, అన్నీ ఆడనే తెలుస్తాయి. మన ఊర్లో కూడా అంతే కదా! సుగ్గికి గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి పోయేటప్పుడు, మేస్త్రీ తలలు లెక్క పెట్టేది వగ్గాని హోటలు బెంచీ మీదనే.

దక్షిణాఫ్రికాలో పిల్‌గ్రిమ్స్ రెస్ట్ అని చిన్న ఊరుంది. 1873లో ఆడ వాగులో బంగారం పడింది. ఆ ఊరి రాయల్ హోటల్ బారుకు ఒక కథ ఉంది. ఇప్పటి మొజాంబిక్ రాజధాని మపుటోలో ఉన్న చిన్న ప్రార్థన మందిరాన్ని 1890ల్లో విప్పి, ఎద్దుల బండ్ల మీద తెచ్చి, మళ్లీ నిలబెట్టి బారు చేసుకున్నారు. గని పని 1972లో ఆగింది. ఊరు పాడుబడాల్సిందే. కానీ 1974లో ప్రభుత్వం ఊరినే కొనింది, 1986లో జాతీయ స్మారకమని ప్రకటించింది. బంగారం లేకపోయినా ఆ ఊరికి పోయేకి జనానికి ఒక కారణం మిగిలింది.

ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ ఇంకొకటి. 1893లో బంగారం పడితే 1897కే ప్యాలెస్ హోటల్ తెరిచినారు. గని ఇంజనీరుగా వచ్చి, తర్వాత అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ ఇచ్చినాడని చెప్పే అద్దాన్ని ఆ హోటలోళ్లు ఇప్పటికీ గొప్పగా చూపిస్తారు. ఒక అద్దం కూడా ఊరికి కూడు పెడతాది, దాని కథ చెప్పేటోళ్లు ఉంటే.

ఇంగ మన కోలారు సంగతి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దొరలకు బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. మూడు కిలోమీటర్ల లోతుకు దిగే కార్మికులకు తడికల ఇండ్ల ‘లైన్లు’. గని మూసినాక మిగిలింది నీళ్లు నిండిన గుంతలు, సైనైడ్ మట్టి గుట్టలు. ఆ ఊరోళ్లు చానామంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి రాత్రికి వస్తాండారు. మన సుగ్గి ఏడాదికి ఒకసారి, వాళ్ల సుగ్గి దినామూ. మన రామగిరి గని కూడా ఆ ప్రభుత్వ కంపెనీదే. అదీ మూతబడింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాల. పాత హోటలు కాపాడినంత మాత్రాన చరిత్ర కాపాడినట్టు కాదు. రాయల్ హోటల్ గదుల్లో దిగినోళ్లు తెల్లోళ్లు, గని గుంతల్లోకి దిగినోళ్లు ఎక్కువ మంది నల్లోళ్లు. కోలార్లో కూడా ఫొటోలకు ఎక్కేది బంగళా, లైను కాదు. దొర తాగిన గ్లాసు ఒక్కటే వారసత్వం అంటే నేను ఒప్పుకోను. కూలోడు తాగిన టీ గ్లాసు కూడా వారసత్వమే.

జొన్నగిరి కథ నూటేండ్లది కాదు, రెండువేల ఏండ్లు దాటిన కథ. పక్కన ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలు ఉండాయి. అశోకుని కాలపు సువర్ణగిరి మన జొన్నగిరే అని కొందరు పండితులు అంటారు, వేరే ఊరి పేరు చెప్పేటోళ్లూ ఉండారు. 1958 చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లలో కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ తర్వాత రెండువందల మీటర్లలో అనుమతి కావాల. సరే, శాసనాలకు కాపలా ఉండాది. కానీ ఆ చట్టం పురాతన కట్టడమని ఒప్పుకోవాలంటే నూరేండ్లు నిండాల. నలభై ఏండ్ల బస్టాండు హోటలు, తొలకరి వానకు వజ్రాలు ఏరేకి వచ్చేటోళ్లు తల దాచుకునే మంటపం, వీటికి అందులో చోటు లేదు. రోడ్డు వెడల్పు చేసిన రోజు మొదట పోయేది ఇవే.

నీళ్లకే దిక్కులేని ఊర్లలో హోటలు కాపాడేది యాల అని అడగొచ్చు. నీళ్లు, భూమికి సరైన రేటు, లోకలోళ్లకు ఉద్యోగం, ఇవే ముందు. దాంట్లో రాజీ లేదు. అయితే ఊరి గుర్తులు రాసిపెట్టుకునేది ఈ కొట్లాటకు అడ్డం కాదు, బలం. ఈడ ఏముండేదో రాతలో లేకుంటే, పోయినాక ఏం పోయిందని అడుగుతావు?

దీనికి కోట్లు అక్కర్లే. తుగ్గలి పక్క పిల్లోళ్లకు నా మాట ఒకటే. చేతిలో ఫోనుంది. ఊర్లో పాత హోటలు, సత్రం, మంటపం, బావి ఫొటో తీయండి. యాభై ఏండ్లుగా టీ కాసే పెద్దాయన మాట రికార్డు చేయండి. ఆ జాబితా గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి, కలెక్టరాఫీసులో ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. గని తవ్వేటోళ్ల లెక్క టన్నుల్లో ఉంటాది. మన లెక్క కూడా కాగితం మీద ఉండాల.

కోలారు గని నూట ఇరవై ఏండ్లు నడిచింది. జొన్నగిరి గని అన్నేండ్లు నడుస్తాదని ఎవరూ రాసియ్యలేదు.