నంబరు చూచినవారెవరు?

కోనసీమలో సైకిలు నేటికీ శ్రమజీవి వాహనం. కొబ్బరి దింపు కార్మికుడైనా, పాలు పోసేవాడైనా కాలువగట్టు దాటి 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కక తప్పదు. అక్కడ ఏ లారీయో అతనిని గుద్ది ఆగక సాగిపోతే చట్టం రెండు దారులు చూపుతున్నది.

వాహనమేదో తెలిసినచో మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునలులో దావా వేయవచ్చును. అచట చికిత్స వ్యయం, పోయిన కూలి, మిగిలిన అవిటితనం అన్నీ లెక్కకు వస్తాయి. తెలియనిచో, 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న పథకం క్రింద తీవ్రగాయమునకు 50 వేల రూపాయలు, మరణమునకు 2 లక్షలు మాత్రమే. పోలీసులు నెలరోజులలో వాహనమును కనుగొనలేకపోతే ఈ పథకం సంగతి బాధితునికి వ్రాతపూర్వకంగా తెలుపవలెనని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చినది.

ఈ రెండు దారులకు గల తేడా అంతా ఒక నంబరు పలకలో ఉన్నదని మా మనవి. దానిని చూచినవారు ఉంటారు, కాని "కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు?" అని మౌనం వహిస్తారు. అప్పుడు "సైకిలువాడు తానే పడినాడు" అన్న ప్రతివాది మాటకు ఎదురుండదు. కాలు విరిగిన నిజం కేవలం ఆరోపణగా మిగిలిపోతుంది. ఒక్కొక్కప్పుడు తప్పు సైకిలువానిదే కావచ్చును. అదియు సాక్షి చెప్పవలసినదే. నిజమైన సాక్ష్యం నిరపరాధియైన డ్రైవరును సైతం కాపాడుతుంది.

క్షతగాత్రునికి సాయపడినవారికి 2019 సవరణ చట్టం రక్షణ కల్పించినది. విద్యార్థి మిత్రులారా! జాలిపడి నిలిచిపోకండి. పడినవానిని ఆసుపత్రికి చేర్చండి, నంబరు వ్రాసికొనండి, అడిగిననాడు చెప్పండి. చదువుకొన్నవాడు నోరు విప్పని ఊరిలో చట్టములెన్ని ఉన్నా బీదవానికి అవి కాగితములే అని మేము భావిస్తున్నాము.