కవలల లెక్కను తలరాతగా చదవొద్దు



స్కిజోఫ్రెనియా ‘నూటికి ఎనభై పాళ్లు వంశపారంపర్యం’ కనుక పెళ్లి సంబంధాలు చూసేవారు ఆరా తీయాలని గత సంచికలోని వ్యాసం చెప్పింది. ఇది అన్యాయం. డెన్మార్క్ కవలల రికార్డులతో 2018లో వెలువడిన అధ్యయనం 79 శాతం అన్నమాట నిజమే. కానీ అది జనాభాలో కనిపించే తేడాల్లో జన్యువుల వాటా; ఒక మనిషికి జబ్బు వచ్చే అవకాశం కాదు. అదే అధ్యయనంలో ఏకరూప కవలల్లో ఒకరికి జబ్బుంటే రెండోవారికీ ఉన్నది 33 శాతం మందిలోనే. జన్యువులు దాదాపు ఒకటే అయినా ముగ్గురిలో ఇద్దరికి రాలేదు!

జన్యువుల పాత్ర లేదని నేననను. జబ్బు రాని ఏకరూప కవలకు పుట్టిన పిల్లలకూ, జబ్బు వచ్చిన కవలకు పుట్టిన పిల్లలతో దాదాపు సమానమైన ముప్పు ఉందని 1989లో పరిశోధకులు గాటెస్‌మన్, బెర్టెల్సన్ చూపారు. తల్లి పెంపకమే కారణమన్న పాత సిద్ధాంతానికి అది గట్టి జవాబు. ఆ నింద మోసిన తల్లులెందరో. అయితే పరిస్థితుల పాత్ర కూడా ఉంది: 1944-45 డచ్చి కరువు తీవ్రంగా ఉన్నప్పుడు కడుపున పడిన పిల్లల్లో ఈ జబ్బు సుమారు రెట్టింపైంది.

రోగుల్లో అత్యధికుల తల్లిదండ్రులకు ఈ జబ్బు లేదు. ఆరా భయంతో కుటుంబాలు జబ్బును దాస్తే చికిత్స ఆలస్యమవుతుంది. దయచేసి ఆ సలహాను వచ్చే సంచికలో సవరించండి.

– ఒక పాఠకురాలు, కాకినాడ