'మనం' అన్నవాడు

మా చిన్నతనంలో కుష్ఠువ్యాధిని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కారు, "పెద్దరోగం" అనేవారు. గుడి మెట్ల వద్ద కూర్చున్నవారి సత్తుగిన్నెలలో నేనూ చిల్లర వేసేవాణ్ణి. వేసేవాణ్ణి అనడం సరికాదు, నాలుగడుగుల దూరం నుంచి విసిరేవాణ్ణి. ఒకసారి నేను విసిరిన నాణెం గిన్నె అంచుకు తగిలి దొర్లిపోయింది. ఫాదర్ డామియన్ జీవితచరిత్ర చదివినప్పుడల్లా ఆ చప్పుడు నాకు వినిపిస్తుంది.

నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఈయన గురించి నాకు తోచినది చెప్పాలనిపించింది.

డామియన్ 1840లో బెల్జియంలోని ట్రెమెలో గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టాడు. హవాయీకి వెళ్ళవలసిన అన్న జబ్బుపడితే, అతనికి బదులుగా తాను 1864లో హొనొలూలూ చేరాడు. అప్పటి హవాయీ రాజ్యంలో కుష్ఠురోగులను మొలొకాయీ ద్వీపానికి వెలివేసే చట్టం 1865లో వచ్చింది. మూడు వైపుల సముద్రం, నాలుగవ వైపు నిట్టనిలువు కొండ. 1873 మే నెలలో, ముప్ఫైమూడేళ్ళ వయసులో, డామియన్ తనంత తానుగా అక్కడికి వెళ్ళాడు. పుండ్లు కడిగాడు, ఇళ్ళు కట్టాడు, గొట్టాలు వేయించి నీళ్ళు తెప్పించాడు, శవపేటికలు చేశాడు, గోతులు తవ్వాడు. 1884లో ఆయనకూ ఆ వ్యాధి ఉన్నట్లు తేలింది. 1889 ఏప్రిల్ 15న మరణించాడు. 2009లో పోప్ బెనెడిక్ట్ ఆయనను పునీతునిగా ప్రకటించాడు.

రోగుల కోసం ప్రాణమిచ్చాడు కనుక మహాత్ముడు అని సాధారణంగా అంటారు. నాకు మాత్రం ఆయన మరణం కన్న ఒక చిన్న మాట ముఖ్యంగా కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళిన కొత్తలోనే, వ్యాధి సోకడానికి ఎన్నో ఏళ్ళ ముందే, తన ప్రసంగాలలో "సోదరులారా" అనకుండా "కుష్ఠురోగులమైన మనం" అంటున్నానని అన్నకు ఉత్తరం వ్రాశాడు. ఇంగ్లీషులో ఈ 'మనం' విలువ తెలియదు. తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. ఆయన బోధించిన హవాయీ భాషలోనూ ఈ రెంటికీ వేరువేరు మాటలున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకోకుండా 'మనం' అనడం కుదరదు.

ఆయన మరణించాక హొనొలూలూలోని డాక్టర్ హైడ్ అనే ప్రొటెస్టంటు మతాచార్యుడు, డామియన్ మోటువాడనీ మొండివాడనీ, రోగం ఆయన స్వయంకృతమనీ వ్రాశాడు. 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' వ్రాసిన స్టీవెన్సన్ 1890లో దానికి బహిరంగలేఖతో జవాబిచ్చాడు. పేర్ల పోలిక కేవలం యాదృచ్ఛికం. స్టీవెన్సన్ కూడా ప్రొటెస్టంటు కుటుంబంవాడే. మొలొకాయీకి స్వయంగా వెళ్ళి చూసివచ్చినవాడు. డామియన్ లోపాలను ఆయన దాచలేదు. హాయిగా ఇంట్లో కూర్చున్నవాడికి అక్కడికి వెళ్ళినవాణ్ణి తూచే అర్హత ఎక్కడిదని అడిగాడు. ఆ ప్రశ్న హైడ్‌ను దాటి నాలుగడుగుల దూరంలో నిలబడ్డ నన్నూ తాకుతుంది.

అయితే డామియన్‌ను ఒంటరి వీరునిగా చిత్రించడం నాకు సమ్మతం కాదు. అదే 1873లో జోనథన్ నపేలా అనే హవాయీయుడు రోగగ్రస్తురాలైన భార్య వెంట మొలొకాయీ వెళ్ళాడు. అతడు మోర్మన్, డామియన్ కేథలిక్. ఇద్దరూ స్నేహితులు. నపేలాకూ వ్యాధి సోకి 1879లో మరణించాడు. ఇలా తమవారి వెంట వెళ్ళినవారు ఇంకెందరో ఉన్నారు. వారికి పీఠాలు లేవు, పండుగలు లేవు. 'మనం' అన్న మాటలో వారిని చేర్చకపోతే డామియన్‌ను మనం సరిగా చదవనట్లే.

మన దేశంలో 2019 దాకా కుష్ఠు విడాకులకు చట్టసమ్మతమైన కారణంగా ఉండేది. వ్యాధిని నయం చేసే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసినది 1981లో. మందుకూ చట్టానికీ నడుమ ముప్ఫై ఎనిమిదేళ్ళు! ఆ ఎడం క్రిమి వల్ల వచ్చినది కాదు, నాలాంటివాళ్ళం పాటించిన దూరం వల్ల వచ్చినది.

మహానుభావులకు దండం పెట్టి దూరంగా ఉంచడం సులువు. అందరం మొలొకాయీ వెళ్ళలేము, నిజమే. కాని ఆ రోజు దొర్లిపోయిన నాణేన్ని వంగి తీసి, గిన్నెలో వేసి, ఆయనతో ఒక మాట మాట్లాడి ఉండవచ్చు. ఆపాటి పని నా చేతిలోనే ఉండినది.