తీగ తెగితే ఖర్చు ఎవరిది?

రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయి జంషెడ్‌పూర్‌లో ఉంటున్నాను. ఏ పథకం గురించి విన్నా నాకు మొదట వచ్చే సందేహం ఇదే.

2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇస్తామన్నారు. మంచిదే. కానీ అది సర్కారు సంస్థ. చందాదారుడు డబ్బు కట్టేవాడే గాని భాగస్వామి కాడు.

స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో జనమే మొదలుపెట్టుకున్న గిఫి నెట్ దారి వేరు. అక్కడ నెట్‌వర్క్ అందరిదీ. దాని మీద వ్యాపారం చేసే కంపెనీలు ఎవరెంత పెట్టారో, ఎంత వాడుకున్నారో లెక్కగట్టి తేడా సర్దుకుంటాయి.

రిబ్బను కత్తిరిస్తే డిజిటల్ అంతరం తగ్గదు. "సర్కారు చూసుకుంటుంది" అనడం "దేవుడు చూసుకుంటాడు" అనడం లాంటిదే. మన బస్తీలో నెట్‌వర్క్ వేసుకుంటే, ముందు మరమ్మతు ఖాతా తెరిచి అందరికీ కనబడేలా పెడదాం. ఏమంటారు?