శిశువులకు వచ్చు బర్కిట్ లింఫోమా



అర్బుదము చిరకాలమున మెల్లగా పెరుగునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. పెద్దలకు వచ్చు కంతులలో పెక్కింటికి ఈ లక్షణము సరిపోవును. కాని శిశువులకు వచ్చు ఒకానొక అర్బుదము దీనికి కేవలము విరుద్ధము. దాని కణములు ఒకటి రెండు దినములలోనే ఇబ్బడి కాగలవు. నిన్నటి వాపు నేటికి పెరిగినట్లు తల్లి కంటికే తెలియును. దీనినే బర్కిట్ లింఫోమా యందురు. దేహమున రోగములతో పోరాడవలసిన తెల్లకణములలో ఒక తెగ అదుపు తప్పి పెరుగుటయే ఈ వ్యాధి.

1957లో యుగాండా దేశమందలి కంపాలా నగరమున, ములాగో ఆసుపత్రిలో, డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుడు పై దవడయు క్రింది దవడయు ఇరువైపుల ఉబ్బిన యొక బాలుని చూచెను. కొలది వారములకే జింజా పట్టణమున అట్టి వాపుతోనే మరియొక బిడ్డ కనబడెను. ఆయన ఊరక యుండక, 1958లో ఈ వ్యాధిని గూర్చి ప్రకటించి, 1961లో మిత్రులిద్దరితో మోటారుబండిలో సుమారు 10,000 మైళ్లు తిరిగి విచారించెను. వేడియు వానలును గలిగి మలేరియా మెండుగా నుండు ప్రదేశములలోనే ఈ వ్యాధి హెచ్చని తేలెను. 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అను పరిశోధకులు ఈ కంతి కణములలో నొక వైరసును కనుగొనిరి. ఆ వైరసు లోకమున నూటికి తొంబదిమందికి పైగా దేహములలో హాని చేయక పడియుండునదే. కావున ఈ అర్బుదము ఒకరినుండి యొకరికి అంటదు. ఇది దిష్టి కాదు. తల్లి పెట్టిన తిండి దోషమును కాదు.

మన దేశమున ఈ వ్యాధి అరుదు. ఇచ్చట ఇది దవడయందుకంటె కడుపునందే తరచుగా పుట్టును. కడుపుబ్బు, నొప్పి, వాంతులు, చేతికి తగులు గడ్డ దీని గుర్తులు. దినదినము పెరుగు వాపునకు పట్లు వేయుచు, తాయెత్తులు కట్టుచు కాలము గడపరాదు.

కత్తితో కుదరని యీ వ్యాధి మందులకు లొంగినది. విభజించుకొను కణములనే ఈ మందులు కొట్టును గావున, దాని వేగమే దానికి చేటైనది. వీనిలో మిథోట్రెక్సేటు అను మందు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందినది. విన్‌క్రిస్టీను అనునది మన పెరటి బిళ్ళగన్నేరు జాతి మొక్కనుండి తీసినది. అట్లని ఆ ఆకు నూరి బిడ్డకు పోయరాదు, అది విషము.

మందు పడిన కొలది దినములకే కంతి మంచువలె కరగును. అపాయమంతయు అచ్చటనే యున్నది. తొలి దినములలో చచ్చిన కణముల మలినము మూత్రపిండములను చెరుపవచ్చును. అందులకే ఆసుపత్రిలో నుంచి నరములలోనికి ద్రవములు విస్తారముగా ఎక్కింతురు. పిదప బిడ్డ నవ్వుచు ఆడుకొనగా, నయమైనదని తలచి తల్లిదండ్రులు ఇంటికి తీసికొనిపోవుదురు. కంటికి కానరాని కణములు మిగిలియుండి మరల విజృంభించును. మెదడునకును వెన్నుపామునకును ప్రాకును. ఆ భయముచేతనే వెన్నులోనికి సూదిమందు వేయుదురు. దానిని చూచి తల్లి బెదరరాదు. చికిత్స ఏండ్ల తరబడి సాగదు; కొన్ని మాసములతో ముగియును. పూర్తిగా జరిగినచోట, సకల సాధనములు గల ఆసుపత్రులలో, పదుగురు బిడ్డలలో ఇంచుమించు తొమ్మిదిమంది బ్రదుకుచున్నారు. ఆలస్యముగా మొదలై నడుమ ఆగినచోట అంతమంది దక్కుట లేదు.

చికిత్సాకాలమున కాచి చల్లార్చిన నీరు, అప్పుడు వండిన అన్నము పెట్టుడు. చేతులు కడుగక బిడ్డను ముట్టకుడు. జ్వరము తగిలిన అర్ధరాత్రియైనను ఆసుపత్రికి కొనిపొండు, తెల్లవారువరకు ఆగరాదు.

ఇరుగుపొరుగు సోదరీమణులకును ఒక మాట. అట్టి యిల్లాలు ఆసుపత్రిలో నుండగా ఆమె తక్కిన బిడ్డలకు ఇంత అన్నము పెట్టి బడికి పంపుడు. ఇంటిచింతచేతనే పెక్కుమంది తల్లులు నడుమ మరలి వచ్చుచున్నారు. ఆ చింత తీర్చినవారు ఆ బిడ్డ మందులో పాలుపంచుకొన్నవారే యగుదురు.